కామ మారిన గొడ్డలి, పిన్ను మారిన తుపాకీ

ఆ మధ్య ఒక ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పిల్లలతో కూర్చుని మాట్లాడుతున్నాం. మాటల మధ్యలో ఒక పిల్లాడు లేచి అడిగాడు. "సార్, సంతలో ఒకాయన నన్ను చూసి, జీన్స్ వేసుకున్నావు, చేతిలో ఫోన్ ఉంది, తెలుగు గడగడా మాట్లాడుతున్నావు, నువ్వేం గిరిజనుడివిరా అన్నాడు. నేనేం చెప్పాలి సార్?" తోటి పిల్లలు నవ్వారు. వాడు నవ్వలేదు. మాకూ నవ్వు రాలేదు. ఏదో సర్దిచెప్పి కూర్చోబెట్టాం గాని, వాడికి ఇవ్వాల్సిన జవాబు ఇవ్వలేదన్న బాధ మాలో ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ పిల్లాడికి బాకీ ఉన్న జవాబు.

జవాబు వెతుక్కుంటూ మేము ముందు మన ఇళ్ల చూరు కిందికే వెళ్లాం. అక్కడ ఒక గొడ్డలి ఉంటుంది. "ఇది తాత గొడ్డలి" అంటాం. నిజం చూస్తే తాత పోయాక దాని కామ ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. పాతది పగిలినప్పుడల్లా అడవికి వెళ్లి గట్టి కర్ర చూసుకుని, ఆరబెట్టి, చెక్కి, కొత్త కామ వేసుకున్నాం. ఇనుము అరిగిపోయినప్పుడు కమ్మరి దాన్ని కొలిమిలో కాల్చి, కొత్త ఉక్కు ముక్క అతికి, సాగగొట్టి పదును పెట్టాడు. ఆ కమ్మరి కూడా బయటివాడు కాదు. కమ్మర అన్న పేరు షెడ్యూల్డు తెగల జాబితాలోనే ఉంది. తాత చేయి తాకిన కర్ర ఇప్పుడు ఆ గొడ్డలిలో లేదు. తాత పదును పెట్టిన అంచూ లేదు. అయినా అది తాత గొడ్డలే అంటాం. అబద్ధం చెబుతున్నామా?

ఈ ప్రశ్న మనదొక్కటే కాదు. గ్రీకు దేశంలో థీసియస్ అనే వీరుడి ఓడను ఏథెన్స్ ప్రజలు చాలా కాలం కాపాడుకున్నారని ప్లూటార్క్ రాశాడు. పుచ్చిపోయిన పలకను తీసేసి కొత్త పలక వేస్తూ పోయారు. అది అదే ఓడా, వేరే ఓడా అని అక్కడి తత్వవేత్తలు వాదించుకున్నారు. మన వైపు మిలింద పన్హ అనే బౌద్ధ గ్రంథంలో నాగసేనుడు మిలింద రాజును ఇలాంటిదే అడుగుతాడు. నీవు ఎక్కి వచ్చిన రథం ఏది? ఇరుసా, చక్రాలా, కాడా? వీటిలో ఏదీ రథం కాదు, వీటిని విడిచి రథమూ లేదు. అన్నీ ఒక తీరుగా కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం.

గొడ్డలి దగ్గర, రథం దగ్గర ఈ ప్రశ్న పొద్దుపోని వాళ్ల కబురులా ఉంటుంది. తుపాకీ దగ్గరికి వచ్చేసరికి అదే ప్రశ్నకు చట్టాలు జవాబు చెప్పాల్సి వచ్చింది. జవాబు తప్పితే ప్రాణాలు పోతాయి. అందుకే కాసేపు తుపాకీ గురించి మాట్లాడుకుందాం. గిరిజన రచయితల పుస్తకంలో తుపాకీ ఊసెందుకు అని ఉపాధ్యాయ మిత్రులు కంగారు పడవద్దు. ఎన్‌సీసీలో చేరిన మన పిల్లల్లో చాలామంది మొదట చేతపట్టే తుపాకీ పాయింట్ ఇరవై రెండు రైఫిలే. మేము చెప్పబోయేదీ ఆ రకం గురించే.

దాన్ని రిమ్‌ఫైర్ రైఫిల్ అంటారు. తూటాలో మందును వెలిగించడానికి దెబ్బ తగిలితే నిప్పు పుట్టే మసాలా కొంచెం ఉంటుంది. కొన్ని తూటాల్లో అది అడుగున నడిమధ్య ఉంటుంది. రిమ్‌ఫైర్ తూటాలో అడుగు అంచు మడతలో, చుట్టూరా ఉంటుంది. మీట నొక్కితే ఒక చిన్న ఉక్కు పిన్ను వచ్చి ఆ అంచును కొడుతుంది. మెత్తని ఇత్తడి నలిగి నిప్పు పుడుతుంది. ఈ పద్ధతికి 1845లో ఫ్రాన్సులో ఫ్లోబెర్ అనే అతను దారి వేశాడు. ఇప్పుడు లోకమంతా వాడే పాయింట్ ఇరవై రెండు లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో వచ్చింది. చప్పుడు తక్కువ, వెనక్కి తన్నేదీ తక్కువ, ధరా తక్కువ. అందుకే అమెరికా పల్లెల్లో కుందేళ్లకు, ఉడతలకు, పిల్లలకు గురి నేర్పడానికి ఇంటింటా అదే ఉండేది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి మనవడికి చేతులు మారుతూ వచ్చింది.

అలాంటి పాత రైఫిల్‌లో విరిగేది ఎప్పుడూ చిన్న భాగమే. గొట్టం నూరేళ్లు ఉంటుంది, కర్ర రెండు తరాలు ఉంటుంది. పిన్ను కొస విరుగుతుంది, స్ప్రింగు చచ్చుబడుతుంది, ఖాళీ తొడుగును వెనక్కి లాగే కొక్కెం అరిగిపోతుంది. తూటా లేకుండా ఊరికే మీట నొక్కి ఆడుకుంటే, చాలా పాత రైఫిళ్లలో ఆ పిన్ను ఇత్తడికి బదులు గొట్టం వెనక అంచునే కొడుతుంది. ఉక్కును ఉక్కు కొడితే ఏదో ఒకటి చెడక తప్పదు. అప్పుడు ఆ ఇంటాయన రైఫిల్‌ను వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి పెడతాడు. తయారు చేసిన కంపెనీ మూతపడి ఉంటే, అదే రకం మరో పాడైన రైఫిల్ నుంచి తీసిన పిన్ను తెప్పించుకుంటాడు. అది సరిపోకపోతే ఆకురాయి పడతాడు. తన తుపాకీని తాను బాగుచేసుకోవడానికి అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. బాగుచేయడం వ్యాపారంగా పెట్టుకుంటేనే లైసెన్సు కావాలి.

ఇప్పుడు మన గొడ్డలి ప్రశ్న ఆ బల్ల మీదికి వస్తుంది. పిన్ను మారింది, స్ప్రింగు మారింది, మరో ఏడాది గొట్టమూ మారింది. అది ఇంకా తాత తుపాకీయేనా? అమెరికా చట్టం దీనికి సూటిగా జవాబు చెప్పింది. 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం రిసీవర్ అనే నడిమి భాగమే తుపాకీ. మిగతా భాగాలన్నీ బిగించుకునేది దానికే. నంబరు చెక్కేది దాని మీదే. దాన్ని ఒక్కదాన్నే విడిగా పెట్టినా చట్టం కంటికి అది తుపాకీయే. మిగతావన్నీ మార్చేసినా నంబరు ఉన్న ముక్క ఉంటే అది పాత తుపాకీయే.

మన దేశం చట్టం ఇంకో దారి పట్టింది. 1959 ఆయుధాల చట్టం 'ఆయుధం' అన్న మాటకు అర్థం చెబుతూ ఆయుధాల భాగాలను కూడా అందులోనే చేర్చింది. అంటే ఇక్కడ పిన్ను కూడా చట్టం కంటికి ఆయుధమే. తయారీకే కాదు, మరమ్మతుకూ లైసెన్సు ఉండాలంటుంది అదే చట్టం 5వ సెక్షను. అందుకే తమ్ముళ్లకు ఒక మాట ముందే చెబుతున్నాం. ఇక్కడ మేము రాస్తున్నది ఆలోచించడానికే. లైసెన్సు ఉన్నదైనా, అడవిలో దొరికిన నాటు తుపాకీయైనా ఇంట్లో విప్పి బాగుచేయడం మన దేశంలో నేరం. ఆ చట్టమే కేవలం ఇంటి పనికి, సేద్యానికి వాడేవాటిని, అంటే లాఠీని, చేతికర్రను ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. ఒకే ప్రశ్నకు రెండు దేశాలు రెండు జవాబులు చెప్పాయి. ఒకరు ఒక్క ముక్కలోనే వస్తువంతా ఉందన్నారు. ఇంకొకరు ప్రతి ముక్కలోనూ ఉందన్నారు.

అయితే ఒక తమాషా ఉంది. 1968కి ముందు అమెరికాలో అమ్మిన చవక రకం పాయింట్ ఇరవై రెండు రైఫిళ్లలో చాలావాటికి అసలు నంబరే లేదు. అప్పట్లో నంబరు వేయాలన్న నియమం వాటికి లేదు. మరి ఆ ఇళ్లలో ఫలానాది మా తాత తుపాకీ అని ఎలా చెప్పగలిగారు? తాత ఎక్కడ కొన్నాడో నాన్నమ్మకు తెలుసు. కర్ర మీద ఆ గీత ఎలా పడిందో నాన్నకు తెలుసు. పిన్ను ఏ ఏడాది విరిగిందో, ఎవరు మార్చారో మనవడికి తెలుసు, ఎందుకంటే దీపం పట్టుకుని పక్కన నిలబడింది వాడే. నంబరు లేని వస్తువుకు ఆ ఇంటి జ్ఞాపకమే నంబరు. మన గొడ్డలి సంగతీ ఇదే. దానికి ఏ ఆఫీసూ నంబరు వేయలేదు. కామ మార్చిన ప్రతిసారీ పక్కన ఒక పిల్లవాడు నిలబడి చూశాడు. అందుకే అది తాత గొడ్డలిగా మిగిలింది.

ఇంతవరకు బాగానే ఉంది. కాని జ్ఞాపకం ఒక్కటే చాలదని కూడా తుపాకీయే నేర్పుతుంది. గొడ్డలి కామ వదులుగా ఉంటే మహా అయితే ఇనుము ఊడి పక్కన పడుతుంది, ప్రమాదమే, కాని కంటికి కనిపించే ప్రమాదం. తుపాకీలో తప్పు కంటికి కనిపించదు. కొత్త పిన్ను పొట్టిగా ఉంటే తూటా పేలదు. ముందుకు పొడుచుకుని ఇరుక్కుపోతే, మీట నొక్కకుండానే తలుపు మూసేటప్పుడు పేలవచ్చు. మీట కింద పట్టుకునే చిన్న కొక్కెం అరిగితే, కింద పడినప్పుడు పేలవచ్చు. భాగం గోరంత, దాని తప్పు మాత్రం మనిషంత. దుకాణంలో బాగుచేయిస్తే, జవాబు చెప్పడానికి అక్కడ ఒక మనిషి ఉంటాడు. ఇంట్లో బాగుచేసుకున్నవాడికి తన వెనక ఎవరూ లేరు. పేలకూడని తుపాకీ పేలితే ఆ పిన్ను ఎవరు వేశారన్న ప్రశ్నకు జవాబు వాడే. సొంత చేత్తో మార్చుకోవడం అంటే డబ్బు మిగుల్చుకోవడం అనుకుంటాం. అసలు దాని అర్థం, ఇకమీద జరిగేదానికి నేనే పూచీ అని ఒప్పుకోవడం.

ఇంకో మాట కూడా ఉంది, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెబుతాం. అటక మీద పిన్ను విరిగి పడి ఉన్న తుపాకీని బాగుచేయడం ప్రతిసారీ మంచిపనేనా? అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48,800 మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. ఇంట్లో ఒక పిల్లవాడు మనసు చెదిరి తిరుగుతున్నప్పుడు, అన్నదమ్ముల మధ్య పొలం తగాదా కుతకుతలాడుతున్నప్పుడు, విరిగిన పిన్ను ఆ ఇంటికి దేవుడిచ్చిన గడువు కావచ్చు. బాగుచేయగల నేర్పు ఉంది కాబట్టి బాగుచేయాలనేమీ లేదు. మంచి పనివాడు ముందు వేసుకునే ప్రశ్న ఎలా బాగుచేయాలి అన్నది కాదు, దీన్ని బాగుచేయాలా అన్నది. మన ఊళ్లలో తుపాకీ లేకపోవచ్చు. పురుగుమందు డబ్బా ఉంది. ఏది చేతికి అందేచోట పెట్టాలి, ఏది పెట్టకూడదు అన్న వివేకం మనకూ కావాల్సిందే.

ఇప్పుడు సంతలో మాటపడ్డ పిల్లాడి దగ్గరికి వద్దాం. ఆ పెద్దమనిషి వాడితో అన్నది ఏమిటి? నీ కామ మారింది, నీ పిన్ను మారింది, కాబట్టి నువ్వు నువ్వు కాదు అన్నాడు. ఆయన ఒక్కడే కాదు, చదువుకున్నవాళ్లూ ఇలాగే లెక్కవేశారు. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగలను గుర్తించడానికి ఐదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాల ఆనవాళ్లు, విలక్షణమైన సంస్కృతి, దూరంగా విడిగా ఉండే నివాసం, బయటివారితో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. ఈ ఐదింటిలో నాలుగు, మనం ఎంత మారకుండా ఉన్నామో కొలిచేవే. ఆ లెక్కన చదువుకుని, బిడియం పోగొట్టుకుని, రోడ్డు వేయించుకుని, కడుపునిండా తినే రోజు వస్తే మనం మనం కాకుండా పోతాం. ఇది గొడ్డలికి పాత కామ ఉంటేనే గొడ్డలి అన్నట్టుంది. విరిగిన కామతో ఎవడు కట్టెలు కొట్టగలడు?

జాబితా అక్కర్లేదని మేము అనడం లేదు. రాజ్యాంగం 342వ అధికరణం కింద వచ్చిన జాబితా మన రిసీవర్ మీద చెక్కిన నంబరు లాంటిది. ఒకసారి ప్రకటించాక, అందులో ఒక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. సంతలో ఎవరో అన్న మాటతో అది చెరిగిపోదు. హాస్టల్ సీటుకు, ఉద్యోగానికి, భూమికి ఆ నంబరు కావాలి. కాని నంబరు ఉన్నంత మాత్రాన తుపాకీ పేలదు, నంబరు ఉన్నంత మాత్రాన జాతి బతకదు. సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని, ఇంట్లో అవ్వతో మాట్లాడడానికి మాట రాకపోతే ఆ నంబరు దేని మీద చెక్కి ఉన్నట్టు?

అలాగని పాత ముక్కలన్నీ భద్రంగా దాచుకుంటే సరిపోతుందా? ఇంగ్లండు తత్వవేత్త థామస్ హాబ్స్ 17వ శతాబ్దంలో ఆ ఓడ కథకు ఒక మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నిటినీ ఒకడు దాచి, వాటితో మళ్లీ ఒక ఓడ కడితే రెండింటిలో ఏది అసలుది? మనకు ఈ మెలిక కథ కాదు. అరకు గిరిజన మ్యూజియానికి వెళ్లండి. మన పాత పనిముట్లు, విల్లంబులు, నగలు, వాయిద్యాలు అక్కడ ఉన్నాయి. అవి అసలైనవే, చూసుకుని గర్వపడాల్సినవే. కాని అక్కడి గొడ్డలి కట్టెలు కొట్టదు. అక్కడి డోలుకు ఎవరూ అడుగు కలపరు. కొత్త కామతో మన చూరు కింద ఉన్న గొడ్డలి ఈ రోజు పొద్దున కూడా పనికి వెళ్లి వచ్చింది. రెండింటిలో తాత గొడ్డలి ఏదంటే, పనికి వెళ్లి వచ్చినదే అంటాం మేము. తాత దాన్ని దాచుకోవడానికి చేయించుకోలేదు.

కాబట్టి మార్పు వచ్చిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదని మేము అనుకుంటున్నాం. అడగాల్సినవి మూడు. ఆ భాగాన్ని మార్చిన చేయి ఎవరిది? కొత్త భాగం ఈ వస్తువుకు అమరిందా? మార్చాక జవాబు చెప్పడానికి ఎవరు నిలబడ్డారు?

మొదటిది చేయి. మాలో కొందరికి బడి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. మొదటి రోజు బడికి వెళ్తే, మా పేరు పలకడానికి రాక, ఎవరో ఒకరు తమకు తెలిసిన పేరు ఒకటి రాసుకున్నారు. పేరు ఎంత? నాలుగక్షరాలు. చిన్న భాగమే. కాని ఆ పేరులో మా తాత పేరు ఉంది, పుట్టిన రోజు సంత ఉంది, మా అమ్మ పిలుపు ఉంది. మమ్మల్ని అడగకుండా మార్చిన పిన్ను అది. ఈనాటికీ ఎవరైనా రిజిస్టరు పేరుతో పిలిస్తే ఒక్క క్షణం ఆగి పలుకుతాం. ఉపాధ్యాయ మిత్రులారా, చిన్న పిల్లాడి పేరు రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు పలికించుకుని రాయండి. ఆ ఒక్క నిమిషం వాడికి జీవితమంతా పనికొస్తుంది.

దీనికి ఎదురుగా ఇంకో మార్పు చూడండి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండీ భాషకు లిపి ఉన్న పాత రాతప్రతులు బయటపడ్డాయి. ఊళ్లో కొద్దిమంది పెద్దలకు ఆ అక్షరాలు చదవడం వచ్చు. ఆ పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, పిల్లలకు నేర్పారు. 2018లో గుంజాల గోండీ లిపి యూనికోడ్‌లోకి చేరింది, అంటే లోకంలో ఏ కంప్యూటరుకైనా ఆ అక్షరానికి ఒక నంబరు ఉంది. తాటాకో కాగితమో తెలిసిన అక్షరం ఇప్పుడు ఫోను తెర మీద వెలుగుతుంది. ఇది మార్పు కాదా? పెద్ద మార్పు. కాని పెద్దల దగ్గరికి వెళ్లి, అడిగి, నేర్చుకుని మార్చినది. అప్పుడు కూడా పక్కన పిల్లలు నిలబడి చూశారు.

రెండోది అమరిక. వేరే రైఫిల్ పిన్ను తెచ్చి సుత్తితో కొట్టి దూర్చితే దూరుతుంది. దూరింది కదా అని సరిపోయినట్టు కాదు. మన పండుగల్లోకి పెద్ద డీజే పెట్టెలు వచ్చాయి. ఎవరూ బలవంతం చేయలేదు, మన కుర్రాళ్లే తెచ్చారు. పాటలో తప్పు లేదు. కాని థింసా ఒకరి నడుము ఒకరు పట్టుకుని, ముసలివాళ్లూ పిల్లలూ ఒకే వరసలో అడుగు కలిపే ఆట. పెట్టె చప్పుడుకు ముసలివాళ్లు దూరంగా వెళ్లి కూర్చుంటున్నారంటే ఆ భాగం ఇక్కడ అమరలేదన్నమాట. అదే ఫోనులో అవ్వ పాట రికార్డు చేసి, పట్నంలో చదివే చెల్లికి పంపితే అది అమరింది. వస్తువు ఒకటే కావచ్చు. బిగించే చోటు తెలిసి ఉండాలి.

మూడోది పూచీ. ఊరికి కొత్త పద్ధతి తెచ్చినవాడు, అది చెడితే నిలబడి తప్పు నాదే అనాలి. ఆచారం మార్చాలనేవాళ్లకీ ఇది వర్తిస్తుంది, ఆచారం మార్చకూడదనేవాళ్లకీ వర్తిస్తుంది. ఇక్కడ మనలో మనం ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అటక మీది తుపాకీ లాగే మన దగ్గరా బాగుచేయకుండా వదిలేయాల్సిన భాగాలు కొన్ని ఉన్నాయి. చిల్లంగి పెట్టారన్న నెపంతో ఒంటరి ముసలివాళ్లను కొట్టడం, కొన్నిచోట్ల చంపడం కూడా చూశాం. ఆడపిల్ల చదువు మధ్యలో ఆపి పెళ్లి చేసేయడం చూశాం. ఇవి ఎక్కడైనా విరిగిపోతుంటే, మన సంస్కృతి పోతోంది అని పిన్ను వేసి నిలబెట్టే పని మనకొద్దు. అది విరిగింది మన పిల్లల పుణ్యాన. విరిగే ఉండనిద్దాం.

మరి మన రిసీవర్ ఏది, ఏది పోతే మనం మనం కాము అని తమ్ముళ్లు అడగవచ్చు. మాలోనే దీని మీద ఒక్క మాట లేదు. కొందరు భూమి అంటారు. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషను, వన్ ఆఫ్ సెవెంటీ అని మనమంతా పిలుచుకునేది, షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ కట్టను గట్టిచేసింది. కాళ్ల కింద నేల లేకపోతే భాష ఎక్కడ నిలబడుతుంది అని వాళ్ల ప్రశ్న. ఇంకొందరు భాష అంటారు. నేల ఉండి, దాని మీది కొండకు, వాగుకు, చెట్టుకు మన పేరు లేకపోతే అది మన నేల ఎలా అవుతుంది అని వాళ్ల ప్రశ్న. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఒక్క ముక్కకు నంబరు వేసి ఇదే మనం అని చెప్పడం చట్టానికి అవసరం కావచ్చు. బతికే మనుషులకు మాత్రం నాగసేనుడి రథమే సరిపోతుందేమో. ఇరుసూ చక్రమూ కాడీ అన్నీ కూడి కదిలితేనే రథం. నేల, మాట, పేరు, పండుగ, పక్కవాడి కష్టానికి లేచి వెళ్లే కాళ్లు, ఇవన్నీ కూడి కదులుతున్నంత కాలం మనం ఉన్నాం.

అయితే ఆ కూడిక దానంతట అదే జరగదు. గొడ్డలి ఆగకుండా సాగింది కామ మార్చడం తెలిసినవాడు ప్రతి తరంలో ఒకడు ఉండబట్టి. ఏ కర్ర ఏ పనికి, ఏ వైపు ఈనె ఉండాలి, ఎంత ఎండాలి అన్నది ఒకరి నుంచి ఒకరికి అందబట్టి. మనకు నిజమైన భయం అక్కడే ఉండాలి. కామ మారడానికి భయపడనక్కర్లేదు. కామ వేయడం తెలిసినవాడు ఊళ్లో ఎవడూ మిగలకపోవడానికి భయపడాలి. ఆ రోజు వస్తే విరిగిన ప్రతిసారీ సంతకు వెళ్లి ఎవరు ఏది అమ్మితే అది కొనుక్కోవాలి. గొడ్డలికైనా అంతే, పాటకైనా అంతే, న్యాయానికైనా అంతే. గ్రామసభలో మన తగాదా మనం తీర్చుకోవడం మరిచిపోతే పోలీసు స్టేషను మెట్ల మీద తీర్చుకుంటాం.

అందుకే చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా విన్నపం చిన్నది. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క పని మొదటి నుంచి చివరిదాకా పక్కన నిలబడి నేర్చుకోండి. కామ వేయడం కావచ్చు, బుట్ట అల్లడం కావచ్చు, పురుడు పాట కావచ్చు, ఊరి హద్దుల పేర్లు కావచ్చు. నేర్చుకున్నాక అందులో ఏదైనా మార్చాలనిపిస్తే మార్చండి, కాని అడిగి మార్చండి, మార్చింది మీరేనని చెప్పండి. ఉపాధ్యాయులకూ ఒక విన్నపం. ఊళ్లో ఆ పని తెలిసిన పెద్దను నెలకొకసారి తరగతికి పిలవండి. ఆయనకు డిగ్రీ లేకపోవచ్చు, కుర్చీ వేయండి.

ఇక ఆ పిల్లాడికి బాకీ ఉన్న జవాబు. బాబూ, మళ్లీ సంతలో ఆయన కనిపించి అదే మాట అంటే, గొడవ పడవద్దు. ఇలా చెప్పు: "అయ్యా, మా ఇంట్లో తాత గొడ్డలి ఉంది. కామ నాన్న మార్చాడు, మొన్న నేను మార్చాను. నిన్న దానితోనే కట్టెలు కొట్టాం. ఈ జీన్స్ నేను కొనుక్కున్నాను, ఈ ఫోనులో మా అవ్వ పాట ఉంది, వింటారా?"

ఆయన వింటే మంచిదే. వినకపోయినా నీకు నష్టం లేదు. కాని ఆ మాట అనాలంటే ముందు నువ్వు నిజంగా ఒక కామ మార్చి ఉండాలి. అది మాత్రం నీ తరఫున మేమెవరం చేయలేం.